పొయ్యికా? పొలమునకా?

పేదయింట ఒక వస్తువునకు రెండు అక్కఱలు ఏర్పడినప్పుడు, ఒకటి తీరిన రెండవది నిలిచిపోవును. మన పల్లెలయందు పశువుల పేడ విషయమున తరతరములుగా జరుగుచు వచ్చినది ఇదియే. పేడను పెంటకుప్పలో వేసి మాగనిచ్చినచో పొలమునకు ఎరువగును. ముద్దలు చేసి గోడకు చఱచి ఎండనిచ్చినచో పొయ్యికి పిడకలగును. పొయ్యిలో కాలినది పొలమునకు పోదు. పొలమునకు పోయినది పొయ్యికి దక్కదు. కట్టెలు సులభముగా దొరకు ఊళ్లలో ఈ చిక్కు అంతగా తెలియదు. అడవి తఱిగి కట్టెలు ప్రియమైన చోట్ల మాత్రము ఇల్లాలికి వేఱు దారి లేదు. నేటి వంట నేడే కావలెను. పంట కొన్ని నెలలకు గాని రాదు. కావున పేడ పొయ్యికే పోవును; పొలము పస్తుండును.

ఇందువలన కలుగు నష్టము రెండు విధములు. మొదటిది నేలకు. పైరులకు ముఖ్యముగా కావలసిన ఆహారములు మూడు: నత్రజని, భాస్వరము, పొటాషు. పిడక కాలినప్పుడు భాస్వరమును, పొటాషును చాలవఱకు బూడిదలో మిగులును. నత్రజని మాత్రము గాలిలో కలిసిపోవును. మట్టిని గుల్లగా నుంచి, తేమను పట్టి నిలుపు సేంద్రియ పదార్థమును కాలిపోవును. రెండవ నష్టము మనుష్యులకు. పిడకల పొయ్యినుండి వచ్చు దట్టమైన పొగ వంటచేయు స్త్రీల కన్నులను, ఊపిరితిత్తులను చెఱచును. ఒడిలోని పసిబిడ్డయు ఆ పొగనే పీల్చును. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలు మున్నగువానిని ఇండ్లలో కాల్చుటవలన కలుగు పొగ మూలమున 2020వ సంవత్సరమున ప్రపంచము మొత్తముమీద సుమారు 32 లక్షల మంది అకాలమరణము పాలైరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఇంత నష్టమునకు ఓర్చినను పొయ్యి ఇచ్చు ఫలము స్వల్పమే. సాధారణమైన పల్లె పొయ్యిలో పిడకయందున్న వేడిలో సుమారు పదింట ఒక పాలు గిన్నెకు చేరును, తక్కినది వృథాయగును.

మొక్కలనుండియు, జంతువులనుండియు, సూక్ష్మజీవులనుండియు లభించు పదార్థములతో ఆహారము, ఇంధనము, ఎరువు, ఇతర వస్తువులు తయారుచేసికొను విధానమునకు నేడు జీవ ఆర్థిక వ్యవస్థ యని పేరు పెట్టినారు. పేరు క్రొత్తదే గాని, పేడతో ఎరువును, కొబ్బరి పీచుతో త్రాళ్లను, వెదురుతో బుట్టలను చేసికొను మనకు ఆ పని క్రొత్తది కాదు. బొగ్గును పెట్రోలును భూమిలో కోట్ల సంవత్సరములకు ఏర్పడినవి, తీసినకొలది తఱిగిపోవును. పైరులును పశువులును ఏటేట పుట్టుచు పెరుగుచుండును. అందుచేతనే అనేక దేశములు ఈ విధానమువైపు దృష్టి మరల్చినవి. మన కేంద్ర మంత్రివర్గమును 2024 ఆగస్టులో ఆర్థికము, పర్యావరణము, ఉద్యోగములు అను మూటిని ఉద్దేశించి బయో ఈ త్రీ అను విధానమును ఆమోదించినది.

అయితే, ఏటేట పుట్టునది కదా యని దేనినైనను తోచినట్లు వాడుకొనవచ్చునా? 1987లో నార్వే దేశపు ప్రధానమంత్రి గ్రో హార్లెమ్ బ్రుంట్లాండు అధ్యక్షతన ఏర్పడిన ప్రపంచ సంఘము ఒక నివేదికను వెలువరించినది. నేటివారి అవసరములు తీరవలెను, కాని అందువలన రేపటివారి అవసరములకు లోటు రాకూడదు, ఇట్టిదే సుస్థిరాభివృద్ధి యని ఆ నివేదిక సారాంశము. పిడక ఈ పరీక్షకు నిలువదు. అది నేటి వంటను తీర్చును; రేపటి పంటను తఱుగజేయును. పేడ జీవపదార్థమే. ఏనాటికానాడు క్రొత్తగా వచ్చునదే. అయినను దానిని వాడుకొను తీరు నిలుకడ గలది కాదు. వస్తువు మంచిదైనంత మాత్రమున చాలదనియు, దానిని వాడుకొను తీరునుబట్టియే మేలు కీడులు కలుగుననియు దీనివలన తెలియుచున్నది.

ఈ చిక్కునుండి బయటపడు దారి బుఱదలో దొరకినది. 1776లో అలెస్సాండ్రో వోల్టా అను ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆ దేశపు ఉత్తర భాగముననున్న మజోరె సరస్సు ఒడ్డున, బుఱదనుండి పైకి వచ్చు బుడగలను పట్టి పరీక్షించెను. ఆ వాయువు నిప్పు తగులగానే మండెను. దానికే తరువాత మీథేను అను పేరు వచ్చినది. కర్బనమును ఉదజనియు కలిసి ఏర్పడిన వాయువిది. ఆకులు అలములు నీటి అడుగున, గాలి తగులనిచోట క్రుళ్లినప్పుడు ఇది పుట్టుచుండును.

గాలి తగులనిచోట అనునది ఇందు ముఖ్యమైన మాట. పెంటకుప్పలో గాలి ఆడుచుండును గనుక అక్కడి సూక్ష్మజీవులు ప్రాణవాయువు సాయముతో పేడను మార్చును; దానిలోని శక్తి వేడియై పోవును. గాలి చొరని తొట్టిలో వేఱు జాతుల సూక్ష్మజీవులు పనిచేయును. మొదట కొన్ని పేడలోని పీచును, పిండిపదార్థములను చిన్న అణువులుగా విడగొట్టును. మఱికొన్ని వానిని ఆమ్లములుగా మార్చును. చివరకు ఇంకొక జాతి వానినుండి మీథేనును పుట్టించును. ఈ సూక్ష్మజీవులను వేఱొకచోటునుండి తేనక్కఱలేదు. అవి ఆవు కడుపులోనే యుండి, పేడతో వచ్చుచుండును. ఇట్లు వచ్చు వాయువులో సుమారు 60 పాళ్లు మీథేను. తక్కినదానిలో ఎక్కువ భాగము బొగ్గుపులుసు వాయువు. దీనినే మనము గోబరు గ్యాసు అందుము.

ఇప్పుడు అసలు విషయమును గమనింపుడు. ఆ తొట్టిలో పేడనుండి పోవునది కర్బనము, ఉదజని, ప్రాణవాయువు మాత్రమే. పైరునకు కావలసిన నత్రజనియు, భాస్వరమును, పొటాషును ఇంచుమించుగా అన్నియు తొట్టినుండి వెలువడు మడ్డిలో నిలిచియుండును. మండుటకు పనికివచ్చునది పొయ్యికి పోవును. పండుటకు పనికివచ్చునది పొలమునకు మిగులును. తరతరములుగా ఒకటి కావలెనన్న ఒకటి వదలుకొనవలసివచ్చిన పేడ రెండు అక్కఱలను తీర్చుచున్నది. గ్యాసు పొయ్యిలో వేడి సగమునకు పైగా గిన్నెకు చేరును. పొగయు, మసియు ఉండవు.

మన దేశమున ఈ విషయమై ప్రయోగములు 1930 తరువాతి దశకము చివర ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. వి. దేశాయి జరిపినారు. 1950 తరువాతి సంవత్సరములలో జశ్‌భాయి పటేల్ అను ఆయన పల్లెవాసులకు అనువైన యంత్రమును రూపొందించి దానికి గ్రామలక్ష్మి యని పేరిడినారు. నేలలో ఇటుకలతో కట్టిన బావివంటి తొట్టి, దానిపై బోర్లించిన ఇనుప డ్రమ్ము, ఇవియే ఇందలి ముఖ్య భాగములు. వాయువు నిండినకొలది డ్రమ్ము పైకి లేచును. వాడినకొలది క్రిందికి దిగును. ఖాదీ గ్రామపరిశ్రమల కమిషను 1960 తరువాత దీనిని దేశమంతట వ్యాపింపజేసినది. ఇనుప డ్రమ్మునకు వెల ఎక్కువ. రంగు వేయుచుండనిచో త్రుప్పు పట్టును. అందుచేత చీనాదేశపు పద్ధతిని అనుసరించి డ్రమ్ము లేకుండ, ఇటుకల గుమ్మటమే గల జనతా నమూనా 1978లోను, ఇంకను తక్కువ వ్యయముతో కట్టదగిన దీనబంధు నమూనా 1984లోను వచ్చినవి. 1981-82లో భారత ప్రభుత్వము ఈ కార్యమునకై ఒక జాతీయ పథకమును ఆరంభించి, కట్టుకొనువారికి ధనసహాయము చేయసాగెను.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక ఆవు దినమునకు సుమారు 10 కిలోల పేడ వేయును; గేదె అంతకు మించి వేయును. 25 కిలోల పేడనుండి సుమారు ఒక ఘనపు మీటరు వాయువు వచ్చును. నలుగురైదుగురు గల కుటుంబమునకు రెండుపూటల వంటకు దినమునకు 2 ఘనపు మీటర్ల వాయువు చాలును. అనగా 50 కిలోల పేడ, నాలుగైదు పశువులు కావలెను. పేడతో సమానమైన నీరు కలుపవలెను గనుక దినమునకు 50 లీటర్ల నీరును కావలెను. ఒక ఘనపు మీటరు గోబరు గ్యాసు సుమారు 450 గ్రాముల వంటగ్యాసుతో సమానము. 14.2 కిలోల సిలిండరు ఒకటి ఇచ్చు వేడిని ఆ కుటుంబము పదునాఱు దినములలో తన కొట్టమునుండియే సంపాదించుకొనునన్నమాట. మన దేశము వాడు వంటగ్యాసులో సగమునకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది గనుక ఇది కుటుంబమునకే గాక దేశమునకును మేలు.

ఈ లెక్కలోనే కష్టమును దాగియున్నది. దేశమున ఇంతవఱకు కట్టిన చిన్న తొట్ల సంఖ్య సుమారు 50 లక్షలు. కాని వానిలో పెక్కు పనిచేయక నిలిచిపోయినవి. కొన్నిచోట్ల డ్రమ్ము త్రుప్పు పట్టినది, గుమ్మటము పగిలినది, బాగుచేయువాడు దొరకలేదు. కొన్నిచోట్ల ట్రాక్టరు వచ్చి ఎద్దులు పోయినవి, పేడ చాలలేదు. కఱవు నేలలలో త్రాగునీటికే కటకట యైనప్పుడు తొట్టికి నీరెక్కడిది? చలి మిక్కుటమైనచోట్ల సూక్ష్మజీవులు మందగించి వాయువు తగ్గును. కట్టుటకు ధనమిచ్చి, కట్టిన పిమ్మట చూచువారు లేనిచో ఏ మంచి యంత్రమైనను నిలువదు.

అంతకంటె ఆలోచింపదగిన విషయము మఱియొకటి కలదు. నాలుగైదు పశువులు గలవాడు పల్లెలో కలిగినవాడే. ఒక్క ఆవు గలవానికిని, ఏమియు లేని కూలివానికిని ఈ తొట్టి కట్టుకొను వీలు లేదు. అంతియేకాదు. దారిలోను, బీడులోను పడిన పేడను పేదస్త్రీలు తట్టలతో ఏరుకొని పిడకలు చేసి వాడుకొనుచు, అమ్ముకొనుచు వచ్చిరి. అప్పుడు దానికి వెల లేదు; అడిగినవారు లేరు. పేడకు విలువ తెలిసిన పిమ్మట పశువుల యజమాని దానిని వదలడు. ధనికుని వంటయింట పొగ పోయినది. పేదరాలికి పొయ్యిలో పెట్టు పిడకయు పోయినది. దేశము మొత్తముమీద లెక్క చూచినచో వృద్ధి కనబడును. ఆమె యింటికి పోయి చూచినచో కనబడదు. ఇట్టి వృద్ధిని అభివృద్ధి యనదగునా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకిన ఊరొకటి కర్ణాటకమున కలదు. తుమకూరు జిల్లాలోని ఆ చిన్న పల్లె పేరు పూర. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు అమూల్య రెడ్డియు, ఆయన సహచరులును, గ్రామములకు విజ్ఞానమును చేర్చుటకై 1974లో నెలకొల్పిన అస్త్ర కేంద్రము తరఫున అక్కడ ఊరుమ్మడి తొట్టిని కట్టించిరి. మొదట అందఱి యిండ్లకు వంటగ్యాసు ఇవ్వ దలచిరి. కాని అందఱికిని చాలునంత వాయువు రాలేదు. పైగా, కట్టెలు ఎట్లో ఏరుకొనుచున్న ఊరివారికి వంటగ్యాసుకంటె ముందుగా కావలసినది మంచినీరు. శాస్త్రజ్ఞులు తమ ఆలోచనను మార్చుకొని, 1987నుండి ఆ వాయువును కొంత డీజిలుతో కలిపి ఇంజనును నడిపి, విద్యుత్తును పుట్టించి, ఇండ్లకు దీపములును, గొట్టపు బావి నీటిని కొళాయిలకును ఇచ్చిరి.

అక్కడి ఏర్పాటు గమనింపదగినది. పేడ తెచ్చినవారికి దానిని తూచి, తెచ్చిన శ్రమకు కొంత పైకము ఇచ్చెడివారు. దానికి సరిపడు మడ్డిని ఎరువుగా తిరిగి ఇచ్చెడివారు. ఎవరి పేడలోని సారము వారి పొలమునకే చేరుచుండెను. దీపమునకు ఇంత, కొళాయికి ఇంత అని నెలకు రుసుము ఉండెడిది. తొట్టిని నడుపు పనిని ఆ ఊరి యువకులే చేసిరి. పేడ తేకపోయినచో దీపమారును, నీరు నిలుచును. ఆ కష్టము అందఱిదియు. ఈ యెఱుక యున్నంత కాలము ఊరు కలిసి పనిచేసినది. కొన్ని సంవత్సరములు చక్కగా నడచిన పిమ్మట అదియును ఆగిపోయినది. ఒక మంచి ఏర్పాటును నెలకొల్పుటకంటె దానిని నిలుపుకొనుట కష్టమని పూర నేర్పిన పాఠము. అయినను, పశువులు లేనివానికిని దీపమును నీటిని ఇవ్వగల మార్గము కలదని ఆ పల్లె చూపినది.

పల్లెలకు తగినది పట్టణములకును తగును. పశువులు లేనిచోట కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము కలవు గదా! హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో దినదినము మిగిలిపోవు కుళ్లిన కూరగాయలు పూర్వము చెత్తకుప్పలపాలై కంపుకొట్టుచుండెడివి. ఆ నగరమునందే యున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పద్ధతిలో అక్కడ ఒక కర్మాగారమును నెలకొల్పినారు. దినమునకు సుమారు 10 టన్నుల వ్యర్థమునుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు పుట్టుచున్నదని 2021లో ప్రకటించినారు. మధ్యప్రదేశములోని ఇందూరులో 2022 ఫిబ్రవరిలో ఆరంభమైన కర్మాగారము దినమునకు 550 టన్నుల తడిచెత్తను తీసికొని, 17 టన్నుల వాయు ఇంధనమును, 100 టన్నుల ఎరువును ఇవ్వగలుగునట్లు కట్టబడినది. నగర బస్సులను నడుపుటకు ఆ వాయువు పనికివచ్చుచున్నది. అయితే ఇండ్లలో తడిచెత్తను పొడిచెత్తను వేఱుచేసి ఇచ్చిననే ఇట్టి కర్మాగారములు సాగును. గాజుముక్కలను, ప్లాస్టిక్కు సంచులను సూక్ష్మజీవులు తినలేవు.

ఇందు రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది వాయువును గుఱించి. మీథేను మండినచో మేలు. మండకుండ కాఱిపోయినచో కీడు. నూఱు సంవత్సరముల లెక్కలో చూచినచో, సమానమైన బరువు గల బొగ్గుపులుసు వాయువుకంటె అది భూమిని సుమారు 28 రెట్లు వేడెక్కించును. పగిలిన గుమ్మటమును, వదులైన గొట్టమును వెంటనే బాగుచేయించుట అందుచేత విధి. రెండవది మట్టిని గుఱించి. వ్యర్థమని మనమనుకొను వరిగడ్డి పశువులకు మేత; ఆకు అలము నేలకు ఎరువు. అన్నిటిని ఇంధనమునకే తరలించి నేలకు ఏమియు తిరిగి ఇవ్వనిచో, యంత్రము ఎంత గొప్పదైనను మనము మరల పిడకల దారినే పట్టినవారమగుదుము. తొట్టినుండి వచ్చిన మడ్డిని కాలువలోనికి వదలినను ఫలము అదియే. దానిని ఎండలో ఊరక ఆరబెట్టినను నత్రజని కొంత గాలిపాలగును. తడిగానే పొలమునకు చేర్చుట, లేదా ఆకులు అలములతో కలిపి మాగనిచ్చుట మేలు.

విద్యార్థులారా! ఇకముందు జీవ ఇంధనములను గుఱించియు, క్రొత్త కర్మాగారములను గుఱించియు మీరు పత్రికలలో అనేక వార్తలు చదువుదురు. ఎన్ని టన్నులు, ఎన్ని కోట్లు అను లెక్కలు అందుండును. ఆ లెక్కలు అవసరమే. వానితోపాటు మూడు ప్రశ్నలు వేసికొనుడు. తీసికొన్నదానిలో నేలకు తిరిగి ఎంత చేరినది? దానికి కావలసిన నీరు ఎవరి నోటినుండి తీసినది? ఆ ఊరిలో అందఱికంటె పేదయైన ఇల్లాలికి దానివలన ఏమి దక్కినది? ఈ మూటికిని తగిన జవాబు చెప్పగల పనియే నిలుకడగల అభివృద్ధి. పేడతట్టనుండి పెద్ద కర్మాగారమువఱకు కొలత ఇదియొక్కటియే.